రోజుకు రెండు సెకన్లు

నా దగ్గరికి కంప్యూటర్ పట్టుకొచ్చే ప్రతి మనిషీ ఒకటే అడుగుతాడు: “రత్నంగారూ, ప్రాసెసర్ మార్చించెయ్యమంటారా?” నేనూ ఒకటే చెబుతాను: “అక్కర్లేదు.” దాంతో ఏం పని చేస్తున్నావు, ఎక్కడ ఆగిపోతోంది, ఇంకా ఎన్నాళ్ళు వాడతావు, ఈ మూడూ చెప్పకుండా కొత్తది కొనడం డబ్బు తగలెయ్యడమే అని మొహం మీదే అనేస్తాను. కాకినాడ మెయిన్ రోడ్డులో వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేసే షాపు నాదొక్కటే. ఇరవై రెండేళ్ళు ఈ నోటితోనే నెట్టుకొచ్చాను. ఈ నోరూ, ఈ తొందరపాటు చెయ్యీ కలిసి ఒక మంచి మనిషిని ఏం చేశాయో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాణిక్యం పిన్నిగారిల్లు మా షాపు వెనక వీధిలో ఉంది. వాళ్ళాయన త్రిమూర్తులుగారు బస్సు కండక్టరు. ముప్ఫై నాలుగేళ్ళు “హోల్డాన్” అని బస్సు ఆపి, “రైట్ రైట్” అని పంపిన మనిషి. ఇంట్లోనూ అదే భాష. అన్నం చాలంటే హోల్డాన్. సినిమాకి బయల్దేరితే రైట్. నన్ను చూస్తే “ఏవమ్మా నూకరత్నం, ఇవాళ ఎంతమందిని తిట్టి పంపావు?” అనేవారు.

ఆయనకి కాలేయం పాడైంది. ఇంకో నెల అని డాక్టర్లు చెప్పేశాక, విశాఖపట్నం నుంచి ఒక పరిశోధనశాల వాళ్ళు వచ్చారు. మనిషి బతికుండగానే మెదడుని పొరపొరగా నకలు తీసి ఒక పెట్టెలో పెడతామన్నారు. అందులో ప్రాసెసర్ బిగించి నడిపిస్తే ఆ నకలు వింటుంది, ఆలోచిస్తుంది, మాట్లాడుతుంది. ఆయన తనే సంతకం పెట్టారు. “టికెట్టు లేకుండా ఇంకో స్టేజీ తీసుకెళ్తామంటే ఎవడు దిగిపోతాడండీ?” అన్నారు.

కానీ ఆ నకలుకి ఆయుష్షు ఆరు గంటలే. ఆయన లోపల గడిపే కాలంలో ఆరు గంటలు. తర్వాత చెదిరిపోతుంది, మళ్ళీ అతకదు. ఇంకో సంగతి, పెట్టెలోంచి మనుషుల్ని ఎవరూ దొంగిలించకుండా, మొదటి ప్రాసెసర్ బిగించగానే దానికో ముద్ర వేస్తారు. ఆ తర్వాత ప్రాసెసర్ మార్చడానికి దాన్ని ఒక్కసారే విప్పొచ్చు. రెండోసారి విప్పితే లోపలంతా చెరిగిపోతుంది. వేగం తగ్గించే మీట, పెంచే మీట అందులో లేవు. ఏ ప్రాసెసర్ పెడితే ఆ వేగమే.

ఏది పెట్టాలో కుటుంబం ఇష్టం అన్నారు. కుటుంబం నన్నడిగింది. నేను నా పాత పాటే ఎత్తుకున్నాను. ఖరీదైనది పెడితే ఎంచక్కా మనలాగే మాట్లాడతారు, కానీ ఒక్క పూటలో అయిపోతారు. చవకది పెడితే మన రోజంతా కలిపి ఆయనకి రెండు సెకన్లు. ఆ లెక్కన ఆరు గంటలూ దాదాపు ముప్ఫై ఏళ్ళు వస్తాయి.

“ముప్ఫై ఏళ్ళా!” అంది పిన్నిగారు. అప్పటికామెకి యాభై రెండు. “నేనున్నన్నాళ్ళూ ఉంటారన్నమాట. చవకదే పెట్టు రత్నం.”

పెట్టాను.

పెద్దకర్మ నాటి ఉదయం పెట్టె మొదలైంది. పరిశోధనశాల కుర్రాడు ఎర్ర మీట చూపించి, “ఇది నొక్కి ఉంచినంతసేపే ఆయన వింటారండి. ఒక మాట చెప్పి వదిలెయ్యండి” అని వెళ్ళిపోయాడు. వాడు వీధి మలుపు తిరిగాడో లేదో చుట్టాలు దిగారు. మా వైపు పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళు గడప దాటగానే శోకం తియ్యాలి. తియ్యకపోతే ఫలానా ఆవిడ కంట చుక్క రాలలేదని పదేళ్ళు చెప్పుకుంటారు. ఆవేళ అందరికీ పెట్టె ముందే శోకం తియ్యాలని సరదా పుట్టింది. ఒకరు మీట నొక్కడం మర్చిపోతారు, ఒకరు దీపం స్విచ్చి నొక్కుతారు, ఇంకొకరు “నావి వినిపించాయంటావా అమ్మాయ్?” అని నన్నడుగుతారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పక్కన నీళ్ళ చెంబుంది, ఇత్తడిది, బరువైనది. తీసి మీట మీద పెట్టేసి, “ఇంక అందరూ హాయిగా ఏడవండి” అన్నాను.

మధ్యాహ్నం పంక్తిలో నీళ్ళు పొయ్యడానికి ఎవరో అడిగితే ఆ చెంబు తీసిచ్చాను. అంతటితో ఆ సంగతే మర్చిపోయాను.

ఆరేళ్ళు గడిచాయి. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ పెట్టె, ఆ రోజు పోగైన రెండు సెకన్లనీ మన వేగంలో వినిపిస్తుంది. చాలా రోజులు ఊపిరి చప్పుడే. ఎప్పుడైనా ఒకటి రెండు మాటలు. పిన్నిగారు స్నానం చేసి, దీపం పెట్టి, పెట్టె ముందు కూర్చుని వినేది. మాట వస్తే గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసుకునేది. తను మీట నొక్కడం మాత్రం ఏడాదికొకసారే, పెళ్ళిరోజున. నొక్కి ఒక్క వార్త చెప్పేది. ఎక్కువ వాడితే అరిగిపోతారేమోనని భయం.

నిరుడు వేసవిలో కూతురు భవాని మా షాపుకొచ్చింది. ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చినట్టుంది, చీర కూడా మార్చుకోలేదు.

“అక్కా, ఆ పెట్టెలో కొత్త ప్రాసెసర్ పెట్టెయ్యి. ఖర్చెంతైనా ఫర్వాలేదు” అంది.

“ఎందుకు?”

“అమ్మని చూశావా ఈ మధ్య? రెండేళ్ళ నుంచి వీధి తలుపు తియ్యట్లేదు. పెరటి దారిన వెళ్ళి పాలు తెచ్చుకుంటోంది. ఎందుకమ్మా అంటే నాన్నగారు తలుపెయ్యమన్నారంటుంది. ఒక్కరోజు తనివితీరా మాట్లాడేసుకుంటే అమ్మకీ ఒక దారి దొరుకుతుంది.”

“మాట్లాడేసుకుంటే ఆయన అయిపోతారే పిచ్చిదానా! ఇంకా ఇరవై మూడేళ్ళ పైన వచ్చేదాన్ని ఒక పూటలో తగలేస్తారా?” అన్నాను.

“నువ్వే వచ్చి చూసి చెప్పు” అంది.

చూసి చెబుదామనే వెళ్ళాను, పిన్నిగారి తరఫున వాదించడానికి. పట్టపగలే ఇల్లు చీకటిగా ఉంది. మంచం పెట్టెకి ఆనించి వేసుంది. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆరు క్యాలెండర్లూ చూపించింది, పిల్ల మార్కుల కాగితం చూపించినట్టు.

“ఇదిగో, మొదటి ఏడాదే. ‘ఏడవకండి’ అన్నారు. రాత్రిళ్ళు నేను ఏడవడం, మీట నొక్కకపోయినా విన్నారమ్మా ఆయన. ఆ రోజుతో మానేశాను. మా అమ్మ పోయినా కన్నీరు పెట్టలేదు తెలుసా? ఇదిగో, ‘మాణిక్యం ఏదీ’. వంటింట్లో ఉంటే వెతుక్కున్నారు పాపం. అందుకే మంచం ఇక్కడేసుకున్నాను. ఇది ‘తలుపెయ్యండి’. ఇక ఇవి చూడు.” పకపకా నవ్వింది. “హోల్డాన్, హోల్డాన్, హోల్డాన్. పెట్టెలో ఉన్నా ఉద్యోగం మానలేదు మహానుభావుడు!”

ఆరయింది. ఇద్దరం పెట్టె ముందు కూర్చున్నాం. గరగరమని చిన్న చప్పుడు, తర్వాత త్రిమూర్తులుగారి గొంతు. ఆరేళ్ళ తర్వాత నేను వినడం అదే.

“చాలండి బాబూ...”

అంతే. పిన్నిగారు పెన్సిల్ తీసుకుని గడిలో రాసుకుంది. “ఏది చాలన్నారో! నిన్న పులిహోర ఎక్కువైందేమో” అని మురిసిపోయింది. నాకు మాత్రం అలా అనిపించలేదు. అది కడుపు నిండిన మనిషి గొంతు కాదు.

మర్నాడు మానిటర్ ఒకటి పట్టుకెళ్ళాను. ఆరేళ్ళలో ఆ పెట్టెకి తెర తగిలించి ఎవరం చూసిన పాపాన పోలేదు. తెర మీద రెండే లెక్కలున్నాయి. ఆయుష్షులో మిగిలింది: నాలుగు గంటల నలభై ఏడు నిమిషాలు. ఇది నాకు తెలిసిందే. రెండోది, చెవిలో ఇంకా వినాల్సింది: నలభై ఏడు నిమిషాలు.

వినాల్సింది ఏంటి? పిన్నిగారు ఏడాదికొక ముక్క తప్ప చెప్పలేదు కదా! హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ వరసలో ఉన్నది నొక్కాను.

శోకాలు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, నలభై మంది ఒక్కసారిగా గుండెలు బాదుకుంటున్న చప్పుడు. మాటలేవీ తెలియడం లేదు. మధ్యలో ఎవరో “మాణిక్యమో! ఓ మాణిక్యమో!” అని రాగం తీస్తున్నారు. వరస చివర్న పిన్నిగారి పెళ్ళిరోజు ముక్కలున్నాయి, వాటికి కాస్త ముందుకి జరిపాను. అక్కడ గిన్నెల చప్పుడు, ఆ వెంటనే నా గొంతు. “చెంబా? ఇదిగోనండీ, తీసుకోండి.”

హెడ్‌ఫోన్స్ తీసేశాను. పక్క గదిలో పిన్నిగారు నాకోసం టీ పెడుతోంది.

నేను పెట్టిన చెంబు రెండు గంటలు ఆ మీట మీద ఉంది. ఆ రెండు గంటల ఏడుపూ ఆయన చెవిలో వరసకట్టింది. మనకి ఆరేళ్ళు, ఆయనకి గంటా పదమూడు నిమిషాలు, కళ్ళు తెరిచినప్పటి నుంచీ ఆయన విన్నది అదొక్కటే. ఇంకా నలభై ఏడు నిమిషాలుంది. నేను పెట్టిన చవక ప్రాసెసర్ లెక్కలో అది నాలుగేళ్ళు. మధ్యలో తుడిపేద్దామంటే చెవిలో చేరింది ఎవరూ తియ్యలేరు, అదీ ముద్రలో భాగమే.

టీ తాగాను. “అంతా బాగానే ఉంది పిన్నిగారూ” అని చెప్పి వచ్చేశాను. అవును, అబద్ధమే చెప్పాను. భయమేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది.

తొమ్మిది రోజులు ఆ వీధి మొహం చూడలేదు. షాపులో ఫ్యాన్ తిరిగినా ఏడుపే వినిపించేది. పదో రోజున కాలేజీ కుర్రాడొకడు వచ్చి ప్రాసెసర్ మార్చమంటారా అన్నాడు. అలవాటుగా నోరు తెరిచాను. “దాంతో ఏం పని చేస్తున్నావు? ఎక్కడ ఆగిపోతోంది?” అన్నాను. మూడోది నోట్లోంచి రాలేదు. ఆరేళ్ళ కిందట ముప్ఫై ఏళ్ళ లెక్కొక్కటే చూసి, మొదటి రెండూ నేను ఎవర్నీ అడగలేదు. షట్టర్ దించేసి పిన్నిగారింటికి పెరటి దారిన వెళ్ళాను. భవానిని కూడా రమ్మన్నాను.

చెప్పాను. చెంబుతో సహా అంతా చెప్పాను.

పిన్నిగారు లేచి గోడ మీద క్యాలెండర్లు ఒక్కొక్కటీ దించి, మొదటి ఏడాది నుంచి మళ్ళీ చదవడం మొదలెట్టింది. ఏడవకండి. తలుపెయ్యండి. హోల్డాన్. హోల్డాన్. చాలండి బాబూ.

“నన్ను కాదన్నమాట. ఏడవకండి అన్నది నన్ను కాదు” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “నీ చెంబు తగలెయ్య! నీ చేతులు విరిగిపోనూ! ఆయనేం చేశాడే నీకు? కనబడినప్పుడల్లా ఆప్యాయంగా పలకరించేవాడే!” ఎడాపెడా తిట్టింది. ఒక్క మాట కూడా నేను కాదనలేదు.

భవాని తల్లి భుజం పట్టుకుంది. “అమ్మా, ఆపేద్దాం. ప్లగ్ పీకేస్తే నాన్నకి ఏమీ తెలియదు. బాధా ఉండదు.”

“ఆ ఏడుపులోనే వదిలెయ్యమంటావా మీ నాన్నని?” అంది పిన్నిగారు. “ఎవరో ఏడుస్తున్నారు, ఎందుకో తెలియదు, అంతటితో సరా?” నన్నడిగింది, “కొత్తది పెడితే ఎంతసేపట్లో అవుతుంది ఆ ఏడుపు?”

“నలభై ఏడు నిమిషాలండి.”

“తర్వాత?”

“తర్వాత నాలుగు గంటలు. అంతే పిన్నిగారూ. రోజూ ఆరింటికి వినడం ఇక ఉండదు. పాతదే ఉంచితే నాలుగేళ్ళు ఓర్చుకోవాలి, ఆ పైన ఇంకో పందొమ్మిదేళ్ళు మీకు తోడుంటారు. ఆయనకి ఎలాగైనా నలభై ఏడు నిమిషాలే. రెండూ చెప్పాను, ఏదో ఒకటి చెయ్యమని నేననను. నా సలహా ఇప్పటికి చాలు.”

ఆమె పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది. నేను ఇరవై రెండేళ్ళలో చూసిన ఏ బేరంలోనూ కొనేవాళ్ళు అంతగా లెక్కవేసుకోలేదు.

“నాలుగేళ్ళు రోజూ ఇక్కడ కూర్చుని, ఆయన బాధ రెండేసి సెకన్లు వినాలి. తెలిసీ వినాలి. నావల్ల కాదమ్మా. పందొమ్మిదేళ్ళ తోడు నాకు కావాలి. కానీ దానికోసం ఆయన్ని అంతకాలం అందులో ఉంచలేను. మార్చెయ్యి.”

ఆ ఆదివారం ముద్ర విప్పాను. పాత ప్రాసెసర్ తీసి, వేడి లాగడానికి రాసి ఎండిపోయిన పేస్టు గుడ్డతో తుడిచి, కొత్తది కూర్చోబెట్టి గడియ వేశాను. ఎన్ని వేలసార్లు చేసిన పనో, ఆవేళ గడియ పడిందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. ఒంటిగంటా పది నిమిషాలకి స్విచ్చి వేశాను.

“అయ్యో, ఎవరండీ ఇదంతా...” త్రిమూర్తులుగారి గొంతు గదంతా నిండింది. తెగకుండా, మామూలుగా, పక్కన కూర్చున్న మనిషిలా. భవాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “హోల్డాన్ బాబూ, హోల్డాన్. ఎవరో ఒకరు చెప్పండయ్యా! నేను పోతానని అందరికీ నెల ముందే తెలుసు కదా, నా కోసం ఇంత ఏడుపెందుకూ? ఇది నాకు కాదు. సూరమ్మ గొంతుంది, మరదలి గొంతుంది. మాణిక్యమో అంటున్నారు. మరి మాణిక్యం గొంతేదీ? అందరూ ఉన్నారు, మాణిక్యమే లేదు. ఒసే, నువ్వేదే? అయ్యో... నువ్వేనా పోయింది? నా కంటే ముందే పోయావా?”

మా ముగ్గురికీ అప్పుడర్థమైంది. పెద్దకర్మ నాడు పిన్నిగారు లోపలి గదిలో మూల కూర్చుంది. మా ఆచారం అది. భర్త పోయిన ఆడమనిషి పేరు పెట్టి మిగతావాళ్ళు ఏడుస్తారు, ఆవిడ మాట్లాడదు. ఆరేళ్ళుగా ఆయన అందులో కూర్చుని, ఆ ఏడుపులో ఆవిడ గొంతు వెతుక్కుని వెతుక్కుని, బతికున్న పెళ్ళామే పోయిందనుకుని కుమిలిపోతున్నారు.

పిన్నిగారు గబుక్కున మీట మీద చెయ్యి వెయ్యబోయింది. నేను పట్టుకున్నాను. “ఇప్పుడు నొక్కినా వరసలో చివరికే వెళ్తుందండీ. మన ఊపిరి చప్పుడు కూడా వెళ్ళి కూర్చుంటుంది. ఆగాలి.”

ఆగాం. ఆయన ఏడుస్తుంటే, పేరు పెట్టి పిలుస్తుంటే, “చింతకాయ పచ్చడి బాగోలేదని తిట్టానే, అదే ఆఖరు మాటైపోయిందే” అంటుంటే, ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నలభై ఏడు నిమిషాలు కూర్చుంది. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నా జన్మలో అంత పొడుగు నలభై ఏడు నిమిషాలు లేవు.

రెండుకి మూడు నిమిషాలుండగా ఆయన గొంతు ఆగింది. ఆయన చెవిలో నా చెంబు లేచింది.

ఆ తర్వాత వరసలో ఉన్నవి ఆరే మాటలు, ఆరు పెళ్ళిరోజులవి. ఏవండీ, నేను మాణిక్యాన్ని, నేను బాగానే ఉన్నాను. ఏవండీ, భవానికి ఉద్యోగమొచ్చింది. ఏవండీ, భవానికి పెళ్ళి కుదిరింది. ఏవండీ, మనవరాలు పుట్టింది, మీ ముక్కే. ఏవండీ, మా అమ్మ పోయింది. ఏవండీ, ఈ ఏడు మామిడి కాయలేదు.

తర్వాత పెట్టెలోంచి పెద్ద నిట్టూర్పు, దాని వెనకే నవ్వు. “ఒసే! ఊపిరి తీసుకోకుండా ఇన్నేళ్ళ సంగతులూ చెప్పేశావేంటే!”

పిన్నిగారు మీట నొక్కింది. “ఉన్నానండీ. ఇక్కడే ఉన్నాను.”

“హమ్మయ్య. అయితే ఆ ఏడుపంతా నాకేనా? సూరమ్మ కూడానా? నాతో మాటలు మానేసి తొమ్మిదేళ్ళయింది కదే దానికి!”

నేను బయటికొచ్చేశాను. వస్తూ వీధి తలుపు బార్లా తెరిచాను. అరుగు మీద కూర్చుంటే లోపల్నించి నవ్వులు, గొడవ, చింతకాయ పచ్చడి గురించి పోట్లాట వినిపించాయి. భవాని కూతురు వచ్చి తాతకి వచ్చీరాని మాటల్లో పాట పాడింది. అయిదింటికి పిన్నిగారు గుమ్మంలోకొచ్చి, “నువ్వూ ఒక మాట చెప్పుకో” అంది.

మీట నొక్కాను. “బాబాయిగారూ, ఆ చెంబు పెట్టింది నేనేనండి.”

“ఖాళీదా, నీళ్ళతోనా?”

“నీళ్ళతోనేనండి.”

“అదీ సంగతి. అందుకే అంత గట్టిగా అణిగింది” అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆరవడానికి అయిదు నిమిషాలుండగా ఆయన మాటల మధ్య ఖాళీలు పెరిగాయి. పేర్లు తడుముకున్నారు. “స్టేజీ వచ్చేసినట్టుందే మాణిక్యం.”

“ఇంకా ఉందండీ. ఇంకో నిమిషం ఉంది.”

“ముప్ఫై నాలుగేళ్ళు అందరికీ నేనే చెప్పాను. నాకెవరూ చెప్పలేదే. నువ్వు చెప్పు.”

ఆమె మీట నొక్కింది. వదిలేసి, గొంతు సవరించుకుని, మళ్ళీ నొక్కింది. “రైట్ అండీ... రైట్ రైట్” అంది, గొంతు వణకకుండా.

“ఊఁ” అన్నారాయన. ఆ తర్వాత గరగరమని చప్పుడు, అదీ ఆగిపోయింది. తెర మీద రెండు లెక్కలూ సున్నా చూపించాయి. రోజూ పెట్టె మాట్లాడే వేళకి, ఆరింటికి, పెట్టె మాట్లాడలేదు.

పిన్నిగారు కదలకుండా కూర్చుంది. చెయ్యి ఇంకా పెట్టె మీదే ఉంది.

“మీట వదిలేశానా రత్నం?” అని అడిగింది.

“వదిలేశారు పిన్నిగారూ.”

నా మాట నమ్మలేదు. వంగి, కళ్ళజోడు సవరించుకుని, తన వేలు మీట మీద లేదని తనే చూసుకుంది. అప్పుడు ఏడ్చింది.